ట్రాకింగ్ డొమైన్లను అడ్డుకుంటూనే సేవలు చెడకుండా చూసుకోవడం ఎలా

ఒక వార్తా పేజీనో, వాతావరణం చెప్పే యాప్‌నో తెరిచినప్పుడు మీ పరికరం ఆ సంస్థ సర్వర్‌తో మాత్రమే మాట్లాడదు. ప్రకటనలు చూపేవారు, వాడకాన్ని కొలిచేవారు, యాప్ ఎక్కడ ఆగిపోయిందో నమోదు చేసేవారు, ఇలా మీరు పేరు కూడా వినని అనేక సంస్థల డొమైన్లకు (ఇంటర్నెట్‌లో వాటి సర్వర్ల పేర్లకు) అదే క్షణంలో అభ్యర్థనలు వెళతాయి. వాటిని అడ్డుకోవడం కష్టమైన పని కాదు, అటువంటి డొమైన్ల పేర్లతో సిద్ధంగా దొరికే ఒక జాబితాను బ్లాకర్ అనే సాఫ్ట్‌వేర్‌కు జోడిస్తే సరిపోతుంది. కష్టం ఆ తరువాత మొదలవుతుంది. చెల్లింపు పేజీ మధ్యలో నిలిచిపోతుంది, లాగిన్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా స్పందించదు, ఈమెయిల్‌లో వచ్చిన లింకు తెరుచుకోదు. చాలామంది అక్కడే విసిగి బ్లాకర్‌ను పూర్తిగా తీసేస్తారు, మళ్ళీ దాని జోలికి పోరు. విసుగుతో తీసేసిన కఠినమైన బ్లాకర్ కంటే, నిలకడగా పనిచేస్తూ ఉండే ఒక మోస్తరు బ్లాకరే మీ గోప్యతను ఎక్కువగా కాపాడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. కింద చెప్పే పద్ధతి అంతా ఆ నమ్మకం మీదే ఆధారపడి ఉంది.

1. ఎవరి నుంచి ఏమి దాచుకోవాలో ముందుగా తేల్చుకోండి

ట్రాకర్లన్నీ ఒకే స్థాయి హాని చేయవు. వేలాది సైట్లలో ఒకే ప్రకటన సంస్థ కోడ్ ఉన్నప్పుడు, మీరు ఈ సైట్లో చదివినదాన్నీ ఆ సైట్లో కొన్నదాన్నీ కలిపి ఆ సంస్థ మీ గురించి ఒక చిత్రం గీసుకోగలదు. అన్నిటికంటే ముందు అడ్డుకోవలసినవి ఇవి. ఒకే యాప్ తన సొంత మెరుగుదల కోసం ఏ తెరను ఎంతమంది తెరిచారో లెక్కించడం అంతకంటే తక్కువ హాని. యాప్ ఆగిపోయినప్పుడు వెళ్ళే క్రాష్ నివేదిక ఇంకా తక్కువ హాని, అయితే ఆ నివేదికతో పాటు పరికరం వివరాలు కూడా వెళతాయని గుర్తుంచుకోవాలి.

డొమైన్లను అడ్డుకోవడం వల్ల జరగనివి కూడా తెలిసి ఉండాలి. మీరు లాగిన్ అయిన సేవకు మీరెవరో తెలుసు. ఆ సేవ తన సర్వర్ నుంచి నేరుగా వేరే సంస్థ సర్వర్‌కు సమాచారం పంపితే, అది మీ పరికరం గుండా వెళ్ళదు కనుక ఏ బ్లాకరూ ఆపలేదు. మీరు తెరిచిన సైట్ మీ ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే అంకెల చిరునామాను) చూడటాన్ని, మీ బ్రౌజర్ లక్షణాలను బట్టి మిమ్మల్ని గుర్తుపట్టడాన్ని కూడా డొమైన్ జాబితా ఆపదు. ఆపలేనిదాన్ని ఆపాలని జాబితా మీద జాబితా చేర్చుకుంటూ పోతే గోప్యత పెరగదు, చెడిపోయే సేవల సంఖ్య మాత్రం పెరుగుతుంది.

2. ఏ పొరలో అడ్డుకోవాలో ఎంచుకోండి

ఈ నిర్ణయం సరిగ్గా తీసుకుంటే తరువాతి తలనొప్పుల్లో చాలావరకు తప్పుతాయి. అడ్డుకోవడానికి ప్రధానంగా రెండు పొరలున్నాయి.

మొదటిది డీఎన్ఎస్. పరికరం ఏ డొమైన్‌ను చేరాలన్నా ముందు దాని ఐపీ అడ్రస్ ఏమిటని డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. ఇంటి నెట్‌వర్క్‌లో పై-హోల్ లేదా యాడ్‌గార్డ్ హోమ్ వంటి సాఫ్ట్‌వేర్‌ను నడిపితే, జాబితాలో ఉన్న డొమైన్ గురించి అడిగినప్పుడు అది 0.0.0.0 వంటి పనికిరాని అడ్రస్‌ను జవాబుగా ఇస్తుంది, దాంతో అభ్యర్థన అక్కడితో ముగుస్తుంది. టీవీ, యాప్‌లు, ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకునే వీలులేని పరికరాలు అన్నీ దీని కిందికి వస్తాయి. అయితే డీఎన్ఎస్‌కు కనిపించేది డొమైన్ పేరు ఒక్కటే. ఆ డొమైన్‌లో ఏ ఫైలును అడిగారో, ఏ పేజీలో ఉండి అడిగారో దానికి తెలియదు. ఒకే డొమైన్ లాగిన్ కోడ్‌నూ ట్రాకింగ్ కోడ్‌నూ రెండింటినీ అందిస్తుంటే, రెండింటినీ వదలాలి లేదా రెండింటినీ ఆపాలి. సేవలు చెడిపోవడానికి అతి పెద్ద కారణం ఇదే.

రెండవది బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. యుబ్లాక్ ఆరిజిన్ వంటి ఎక్స్‌టెన్షన్ పూర్తి అడ్రస్‌ను, అడిగిన పేజీని, అడిగిన వస్తువు స్క్రిప్టా బొమ్మా అన్నదాన్ని కూడా చూస్తుంది. అందుచేత ఒక సైట్లో వదిలి మరొక సైట్లో ఆపగలదు. అంతకంటే విలువైన గుణం మరొకటుంది: కొన్ని ట్రాకింగ్ స్క్రిప్టులను ఆపి ఊరుకోకుండా, వాటి స్థానంలో ఏ సమాచారమూ పంపని ఖాళీ స్క్రిప్టును పెడుతుంది. పేజీ ఆ స్క్రిప్టులోని ఫంక్షన్‌ను పిలిచినప్పుడు జవాబు దొరుకుతుంది కనుక పేజీ ఆగిపోదు. ఫైర్‌ఫాక్స్ కూడా 2021లో వచ్చిన 87వ వెర్షన్ నుంచి స్మార్ట్‌బ్లాక్ పేరుతో ఇటువంటి పనే చేస్తోంది. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ నిబంధనలు మారిన తరువాత యుబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే పరిమిత రూపమే మిగిలింది, కనుక ఈ సూక్ష్మమైన నియంత్రణ కావాలనుకునేవారికి ఫైర్‌ఫాక్స్ మెరుగైన ఎంపిక.

నా సలహా ఇది: డీఎన్ఎస్ పొరను మృదువుగా, బ్రౌజర్ పొరను గట్టిగా ఉంచండి. ఇంటిల్లిపాదికీ వర్తించే చోట ఎవరికీ అవసరం లేని ప్రకటన డొమైన్లను మాత్రమే ఆపండి. అనుమానాస్పదమైన, రెండు పనులు చేసే డొమైన్ల విషయాన్ని బ్రౌజర్‌కు వదలండి.

సొంత సర్వర్ నడపలేనివారు ఆండ్రాయిడ్ 9 నుంచి అందుబాటులో ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగ్‌లోనూ, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ప్రొఫైల్ రూపంలోనూ, ట్రాకర్లను వడకట్టే బయటి డీఎన్ఎస్ సేవను పెట్టుకోవచ్చు. అయితే అప్పుడు మీరు చేరే ప్రతి డొమైన్ పేరూ ఆ సంస్థకు కనిపిస్తుంది. వంద సంస్థల కళ్ళు కప్పడానికి ఒక సంస్థను నమ్ముతున్నారన్నమాట. ఆ సంస్థ ఏ వివరాలను ఎంతకాలం దాచుతుందో దాని విధాన పత్రంలో చదివిన తరువాతే ఎంచుకోండి.

3. చిన్న జాబితాతో మొదలుపెట్టండి

ఉత్సాహం కొద్దీ పది జాబితాలను ఒకేసారి చేర్చకండి. వాటిలో చాలా డొమైన్లు పునరావృతమవుతాయి. ఏదైనా చెడిపోయినప్పుడు ఏ జాబితా వల్ల చెడిందో తెలుసుకోవడం కష్టమవుతుంది. సేవలు చెడకూడదన్నదే ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్న ఓఐఎస్‌డీ జాబితాగానీ, హగెజి జాబితాల్లోని లైట్ లేదా నార్మల్ రూపంగానీ తీసుకోండి. హగెజిలో ప్రో, అల్టిమేట్ వంటి కఠినమైన రూపాలున్నాయి. మినహాయింపులు ఇచ్చే అధికారం, తీరిక ఉన్న మనిషి దగ్గర్లో ఉన్నప్పుడే అవి పనికొస్తాయి.

జాబితాలు రోజూ మారుతుంటాయి. నిన్న పనిచేసిన సేవ మీరేమీ మార్చకుండానే ఈ రోజు ఆగిపోవచ్చు. జాబితా ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూసే అలవాటు చేసుకుంటే, అకారణంగా కనిపించే అటువంటి సమస్యలకు కారణం వెంటనే దొరుకుతుంది.

4. ముట్టుకోకూడని డొమైన్లను పక్కన పెట్టండి

కొన్ని డొమైన్లు మీ పరికరం గురించి కొంత సమాచారాన్ని బయటపెట్టినా, వాటిని ఆపకూడదు. ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్ అప్‌డేట్ల డొమైన్లు, గడియారాన్ని సరిచేసే టైమ్ సర్వర్లు, సైట్ల భద్రతా సర్టిఫికెట్లను పరిశీలించే డొమైన్లు, ఇంటర్నెట్ ఉందో లేదో పరికరం పరీక్షించుకునే డొమైన్లు ఈ కోవలోకి వస్తాయి. భద్రతా లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ రాకపోతే కలిగే నష్టం, ఒక ట్రాకర్‌కు మీ వివరం తెలియడం వల్ల కలిగే నష్టం కంటే చాలా పెద్దది. ఇంటర్నెట్‌ను పరీక్షించే డొమైన్‌ను ఆపితే, ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైలో ఇంటర్నెట్ లేదని భావించి మొబైల్ డేటాకు మారిపోవచ్చు. అప్పుడు ఇంట్లోని మీ డీఎన్ఎస్ పొర మొత్తం ఆ ఫోన్‌కు వర్తించకుండా పోతుంది.

5. అత్యవసర సేవలను ముందే పరీక్షించండి

బ్లాకర్ పెట్టిన రోజే, తీరిక ఉన్నప్పుడే, మీకు అత్యవసరమైన సేవలను ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. బ్యాంకు, వైద్యం, ఉద్యోగానికి సంబంధించిన లాగిన్, చెల్లింపులు, ఇంటి తలుపునో కెమెరానో నడిపే యాప్‌లు ఇందులో ఉండాలి. హోమ్ పేజీ తెరుచుకున్నంత మాత్రాన సరిపోదు. లాగిన్ కావాలి, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు ఈమెయిల్ నుంచి తెరుచుకోవాలి, చెల్లింపు చివరి తెర వరకు వెళ్ళాలి, నోటిఫికేషన్ రావాలి. డబ్బు కట్టిన తరువాత నిర్ధారణ పేజీ ఆగిపోతే, చెల్లింపు జరిగిందో లేదో తెలియక మళ్ళీ కట్టే ప్రమాదం ఉంది, కనుక ఆ ఒక్క దశను చిన్న మొత్తంతోనైనా పరీక్షించడం మంచిది.

6. ఏదైనా చెడినప్పుడు కారణాన్ని వెతకండి

ముందుగా తప్పు నిజంగా బ్లాకర్‌దేనా అని నిర్ధారించుకోండి. పై-హోల్‌లో బ్లాకింగ్‌ను 5 నిమిషాల వంటి కొద్ది సమయం పాటు తాత్కాలికంగా ఆపే వీలుంది. ఆపి, యాప్‌ను పూర్తిగా మూసి, మళ్ళీ తెరవండి. పాత డీఎన్ఎస్ జవాబులు బ్రౌజర్‌లోనూ పరికరంలోనూ కొంతసేపు నిలిచి ఉంటాయి కనుక, ఈ మూసి తెరవడం మానేస్తే పరీక్ష తప్పుడు ఫలితం ఇస్తుంది. అప్పటికీ సమస్య పోకపోతే ఎక్స్‌టెన్షన్‌ను ఆ సైట్‌కు మాత్రం ఆపి చూడండి. రెండూ ఆపినా సమస్య అలాగే ఉంటే లోపం సేవలోనే ఉంది, మీ జాబితాను మార్చకండి.

బ్లాకర్‌దే తప్పని తేలితే క్వెరీ లాగ్ (ఏ పరికరం ఎప్పుడు ఏ డొమైన్‌ను అడిగిందో బ్లాకర్ రాసి ఉంచే పట్టిక) తెరిచి, ఆ పరికరం నుంచి సమస్య వచ్చిన నిమిషంలో ఆగిన డొమైన్లను మాత్రమే చూడండి. ఎక్కువసార్లు ఆగిన డొమైనే దోషి అనుకోవద్దు. జవాబు రాని అభ్యర్థనను యాప్‌లు పదేపదే పంపుతుంటాయి, దానివల్ల అంకె పెరుగుతుందే తప్ప అది ముఖ్యమైనదని అర్థం కాదు. బటన్ నొక్కిన క్షణంలో ఒకటి రెండుసార్లు మాత్రమే కనిపించిన డొమైన్ అసలు కారణం అయ్యే అవకాశం ఎక్కువ. ఒకసారికి ఒక డొమైన్‌నే వదిలి పరీక్షించండి. ఐదింటిని కలిపి వదిలితే సేవ పనిచేస్తుంది కానీ, అందులో నాలుగు ట్రాకర్లకు మీరు అనవసరంగా తలుపు తీసినట్లే.

తరచుగా ఎదురయ్యే కొన్ని సందర్భాలు తెలిసి ఉంటే వెతుకులాట తగ్గుతుంది. ఫేస్‌బుక్ ఖాతాతో లాగిన్ అయ్యే బటన్ పనిచేయకపోతే, ఆ లాగిన్‌కు వాడే కనెక్ట్ డాట్ ఫేస్‌బుక్ డాట్ నెట్, గ్రాఫ్ డాట్ ఫేస్‌బుక్ డాట్ కామ్ డొమైన్లు ఆగి ఉండవచ్చు. ఈ రెండూ ట్రాకింగ్‌కు కూడా ఉపయోగపడతాయి కనుకనే కఠినమైన జాబితాల్లో కనిపిస్తాయి. యూట్యూబ్‌లో మీరు చూసిన వీడియోల చరిత్ర నమోదు కాకపోతే ఎస్ డాట్ యూట్యూబ్ డాట్ కామ్ ఆగి ఉండవచ్చు. వార్తాలేఖలోని లింకులన్నీ చచ్చుబడితే, ఆ లింకులు ముందుగా క్లిక్‌ను లెక్కించే డొమైన్‌కు వెళ్ళి అక్కడి నుంచి అసలు పేజీకి మళ్ళుతున్నాయని అర్థం. పేజీ కనిపిస్తున్నా కిందికి జరగకపోతే, కుకీ అనుమతి అడిగే పెట్టె ఆగిపోయి దాని వెనుక తెర మాత్రం మిగిలిపోయిందేమో చూడండి. కొన్ని సైట్లు తమకు అవసరమైన కోడ్‌ను కూడా గూగుల్ ట్యాగ్ మేనేజర్ (సైట్లలోకి ట్రాకింగ్ వంటి స్క్రిప్టులను చేర్చే సాధనం) ద్వారానే తెప్పించుకుంటాయి. అటువంటి చోట ఆ డొమైన్‌ను ఆపితే మెనూలు, ఫారాలు కూడా పోవచ్చు.

7. మినహాయింపు ఇచ్చే ముందు తూకం వేయండి

దోషి దొరికింది కనుక వెంటనే వదిలేయాలని లేదు. ఆ సేవ నాకు నిజంగా అవసరమా, అదే పని చేయడానికి మరో దారి ఉందా, వదిలితే ఎవరికి ఏమి తెలుస్తుంది, ఆ మినహాయింపును ఎంత ఇరుకుగా ఇవ్వగలను అని ఆలోచించండి. వీటిలో చివరి ప్రశ్ననే చాలామంది మరిచిపోతారు.

వార్తాలేఖ లింకునే తీసుకుందాం. క్లిక్‌ను లెక్కించే డొమైన్‌ను ఇంటి మొత్తానికి వదలనక్కర లేదు. ఆ వ్యాసం శీర్షికను వెతికి నేరుగా సైట్‌కు వెళ్ళవచ్చు. అదే లింకు ఖాతా ధ్రువీకరణకు సంబంధించినదైతే వెతుక్కుని వెళ్ళే దారి లేదు, కాబట్టి ఐదు నిమిషాలు ఆపి, పని ముగించుకుని, మళ్ళీ మొదలుపెట్టడం సరైనది. ఏడాదికి ఒకసారి జరిగే పని కోసం శాశ్వతమైన మినహాయింపు ఇవ్వకూడదు.

ట్యాగ్ మేనేజర్ విషయం వేరు. దాన్ని డీఎన్ఎస్‌లో వదిలితే అది మీరు తెరిచే ప్రతి సైట్లోనూ పనిచేస్తుంది. రోజూ వాడే ఒక్క సైట్ కోసం అంత మూల్యం చెల్లించనక్కర లేదు. డీఎన్ఎస్‌లో దాన్ని వదిలి, బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ ద్వారా అన్ని చోట్లా ఆపి, ఆ ఒక్క సైట్లో మాత్రం అనుమతించండి. అయితే యాప్‌లకు ఎక్స్‌టెన్షన్ రక్షణ ఉండదు కనుక, యాప్‌లు ఎక్కువగా ఉన్న ఫోన్లకు డీఎన్ఎస్ మినహాయింపును వర్తించకుండా చూడండి. పై-హోల్‌లో 5వ వెర్షన్ నుంచి పరికరాలను గుంపులుగా విడదీసి ఒక్కొక్క గుంపుకు వేర్వేరు నియమాలు పెట్టవచ్చు. మినహాయింపు ఎవరికి అవసరమో వారి పరికరానికే ఇవ్వడానికి ఇదే సాధనం.

మినహాయింపు ఇచ్చేటప్పుడు లాగ్‌లో కనిపించిన పూర్తి పేరునే రాయండి. మాతృ డొమైన్‌తో పాటు దాని కింది సబ్‌డొమైన్లన్నిటినీ (ఆ పేరుకు ముందు మరో పేరు చేర్చి ఏర్పరిచేవాటిని) వదిలే నియమం రాస్తే, రేపు ఆ సంస్థ కొత్తగా సృష్టించే ట్రాకింగ్ పేర్లకు కూడా ముందే అనుమతి ఇచ్చినట్లవుతుంది.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే మోసం ఒకటుంది. కొన్ని సైట్లు తమ సొంత పేరు కింద ఒక సబ్‌డొమైన్ పెట్టి, డీఎన్ఎస్‌లోని సీనేమ్ రికార్డు (ఒక పేరును మరో పేరుకు మళ్ళించే నమోదు) ద్వారా దాన్ని ట్రాకింగ్ సంస్థ సర్వర్‌కు మళ్ళిస్తాయి. పైకి అది సైట్‌కు చెందిన పేరులాగే కనిపిస్తుంది. పై-హోల్, ఫైర్‌ఫాక్స్‌లోని యుబ్లాక్ ఆరిజిన్ ఈ మళ్ళింపును విప్పి చూడగలవు. కనుక సైట్ సొంత సబ్‌డొమైన్ ఆగినట్లు లాగ్‌లో కనిపిస్తే బ్లాకర్ పొరపడిందని తొందరపడి వదలకండి, అది ఎక్కడికి మళ్ళుతోందో చూసి నిర్ణయించండి.

ప్రతి మినహాయింపు పక్కన తేదీ, ఏ సేవ కోసం, ఎవరు అడిగారు అన్న మూడు వివరాలు రాయండి. పై-హోల్‌లోనూ యాడ్‌గార్డ్ హోమ్‌లోనూ వ్యాఖ్య రాసుకునే వీలుంది. ఈ చిన్న శ్రమ చేయకపోతే, కొంతకాలానికి మీ మినహాయింపుల జాబితా తీసివేయడానికి ఎవరికీ ధైర్యం చాలని పేర్ల కుప్పగా మారుతుంది.

8. మీ డీఎన్ఎస్‌ను దాటిపోయే పరికరాల గురించి నిర్ణయించుకోండి

కొన్ని టీవీలు, యాప్‌లు మీ రౌటర్ చెప్పిన డీఎన్ఎస్‌ను పట్టించుకోకుండా 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) వంటి సర్వర్‌ను నేరుగా అడుగుతాయి. బ్రౌజర్లు తమ సొంత గుప్తీకరించిన డీఎన్ఎస్‌ను వాడవచ్చు. రౌటర్‌లో, సాధారణ డీఎన్ఎస్ వెళ్ళే 53వ పోర్టు (ఒక రకం రాకపోకలకు కేటాయించిన ద్వారం) అభ్యర్థనలను మీ సర్వర్‌కు మళ్ళించవచ్చు, గుప్తీకరించిన డీఎన్ఎస్ వెళ్ళే 853వ పోర్టును మూసివేయవచ్చు. కానీ 443వ పోర్టులో సాధారణ వెబ్ రాకపోకల్లో కలిసిపోయే డీఎన్ఎస్‌ను ఇలా ఆపలేరు. బలవంతంగా మళ్ళించినప్పుడు కొన్ని పరికరాలు పూర్తిగా పనిచేయడం మానేస్తాయి. అటువంటి పరికరం ట్రాకింగ్ చేసేదే అయితే, దాన్ని ఇంటర్నెట్ నుంచి తొలగించి వాడగలరా అని ఆలోచించడం మేలు. ఫైర్‌ఫాక్స్ మాత్రం, యూజ్-అప్లికేషన్-డీఎన్ఎస్ డాట్ నెట్ అనే డొమైన్ లేదని మీ సర్వర్ జవాబిస్తే, వాడకందారు స్వయంగా ఎంచుకోని పక్షంలో తన గుప్త డీఎన్ఎస్‌ను పక్కన పెడుతుంది.

9. ఇంట్లోవారి సమ్మతి తీసుకోండి

నెట్‌వర్క్ మొత్తానికి బ్లాకర్ పెట్టే వ్యక్తి మిగిలినవారి తరఫున నిర్ణయాలు తీసుకుంటున్నాడు. కాబట్టి వారికి ముందే చెప్పాలి, ఏదైనా ఆగిపోతే తాత్కాలికంగా ఆపే పద్ధతిని నేర్పాలి, మీరు ఊళ్ళో లేనప్పుడు కూడా వారికి ఆ వీలుండాలి. మరొక సంగతిని నేను ఇంకా గంభీరంగా తీసుకుంటాను. క్వెరీ లాగ్ తెరిస్తే ఇంట్లో ఎవరు ఏ సమయంలో ఏ సైట్‌కు వెళ్ళారో మీకు కనిపిస్తుంది. బయటి సంస్థల నిఘాను అడ్డుకుంటూ ఇంట్లో మీరే నిఘా పెట్టడం న్యాయం కాదు. పై-హోల్‌లో డొమైన్లను, పరికరాలను లాగ్ నుంచి దాచే గోప్యతా స్థాయిలున్నాయి. మామూలు రోజుల్లో లాగ్‌ను కనిష్ఠ స్థాయిలో ఉంచి, సమస్య వచ్చినప్పుడు మాత్రమే, సమస్య చెప్పిన వ్యక్తికి తెలిసేలా దాన్ని పెంచండి.

10. మినహాయింపులను తిరిగి చూడండి

మూడు నెలలకు ఒకసారి మినహాయింపుల జాబితా తెరిచి, పాతవాటిని ఒక్కొక్కటిగా తీసి, వాటి పక్కన రాసిన సేవను తెరిచి చూడండి. సేవలు తమ కోడ్‌ను మారుస్తుంటాయి కనుక కొన్నిటికి ఇక మినహాయింపు అవసరం ఉండదు.

ట్రాకర్ లేకుండా ససేమిరా పనిచేయని సేవ ఒకటి రెండు మిగలవచ్చు. యాప్‌కు బదులు అదే సేవను బ్రౌజర్‌లో, దానికోసమే కేటాయించిన ప్రత్యేక ప్రొఫైల్‌లో వాడి చూడండి. అప్పుడు ట్రాకర్‌ను అనుమతించినా, మీ మిగతా బ్రౌజింగ్‌తో దాన్ని జోడించడం కష్టమవుతుంది. ఆ తరువాత సేవను నడిపే సంస్థకు రాయండి. ఏ పేజీలో, ఏ బటన్ నొక్కినప్పుడు, ఏ డొమైన్ అందకపోతే పని ఆగిపోతోందో స్పష్టంగా తెలపండి, కొలత స్క్రిప్టు లోడ్ కాకపోయినా ఫారం పనిచేసేలా కోడ్‌ను మార్చమని అడగండి. ప్రకటన బ్లాకర్ తీసేయండి అన్న జవాబే మొదట రావచ్చు. ఆ స్క్రిప్టు విఫలమైతే, బ్లాకర్ లేని వాడకందారులకు కూడా అదే పేజీ ఆగిపోతుందని మీరు మళ్ళీ రాస్తే, ఆ లేఖ సాంకేతిక విభాగానికి చేరే అవకాశం పెరుగుతుంది.